చూసేవాళ్లు లేని ఆట

బాలి ద్వీపంలో పట్టపగలు ఆడే తోలుబొమ్మలాట ఒకటి ఉంది. వాయాంగ్ లెమా అంటారు దాన్ని. తెర ఉండదు, దీపం ఉండదు, కాబట్టి నీడా పడదు. గుడి ఆవరణలో దాదాప్ చెట్టు కొమ్మలు రెండు పాతి, వాటి మధ్య నూలుదారం లాగి కడతారు. ఆడించేవాడిని దలాంగ్ అంటారు. ఆయన బొమ్మలను ఆ దారానికి ఆనించి నిలబెట్టి కథ చెప్పుకుపోతుంటాడు. అదే సమయంలో పూజారి గంట మోగిస్తూ మంత్రాలు చదువుతుంటాడు. ఇంకో పక్క కంచు వాద్యాలు, మరో పక్క ముసుగులు వేసుకున్నవాళ్ల నాట్యం. నైవేద్యాలు నెత్తిన పెట్టుకొచ్చిన ఆడవాళ్లు, తీర్థం కోసం వచ్చిన ముసలివాళ్లు, అల్లరి పిల్లలు అందరూ అక్కడే తిరుగుతుంటారు గానీ బొమ్మల వైపు తిరిగి చూసేవాళ్లు దాదాపు ఉండరు. దలాంగ్ చిన్నబుచ్చుకోడు. ఆ ఆట మనుషుల కోసం కాదు, దేవుళ్ల కోసం.

ఈ సంగతి తెలిసిన దగ్గర్నుంచీ మన సభల్లో వినపడే ఒక మాట నాకు ముల్లులా తగులుతోంది. జానపద కళల గురించి ఎవరు మైకు పట్టుకున్నా మొదటి వాక్యం ఒకటే: ఆదరణ లేక అంతరించిపోతున్న కళ. ఆదరణ అంటే కుర్చీలు నిండడం, చప్పట్లు కొట్టడం, చివర శాలువా కప్పడం. కళను చంపేదీ బతికించేదీ ప్రేక్షకుడే అని మనం ఎంత గట్టిగా నమ్మామంటే, ప్రేక్షకుడితో నిమిత్తమే లేని ఆట ఒకటి వందల ఏళ్లు నిలబడగలదని చెబితే నమ్మబుద్ధి కాదు.

బాలి వాళ్లకు రాత్రి ఆట కూడా ఉంది, అది మనుషులు చూసేదే. తెర వెనక దలాంగ్ బాసింపట్టు వేసుకుని కూర్చుంటాడు. ముఖానికి ఎదురుగా కొబ్బరినూనె దీపం వేలాడుతుంటుంది. ఆవుతోలుతో చెక్కిన బొమ్మలు కాబట్టి నీడ నల్లగా పడుతుంది. మంట గాలికి ఊగితే బొమ్మ కదలకపోయినా నీడ ఊపిరి తీస్తున్నట్టే ఉంటుంది. అన్ని గొంతులూ ఆయనవే, ధర్మరాజు మొదలు దాసీ దాకా. కుడికాలి వేళ్ల మధ్య చిన్న కొయ్యసుత్తి ఇరికించుకుని, పక్కనున్న బొమ్మల పెట్టెను టకటక కొడుతుంటాడు. యుద్ధం, కోపం, మలుపు, మాటకు విరామం అన్నీ ఆ కాలే చెబుతుంది. వెనక నాలుగు వాద్యాలు. గెండెర్ అంటారు వాటిని. ఒక్కో దానికి పది కంచు రేకులు, కింద వెదురు గొట్టాలు. రెండు చేతులతో వాయిస్తూ, వాయించిన రేకును అదే అరచేతి అంచుతో వెంటనే నొక్కి ఆపుతూ పోవాలి. లేకపోతే స్వరాలన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. జతగా ఉన్న రెండు వాద్యాలకూ శ్రుతి సరిగ్గా ఒకటిగా పెట్టరు, కావాలనే వెంట్రుకవాసి తేడా ఉంచుతారు. ఆ తేడా వల్ల నాదం అలలా వణుకుతుంది. మన హార్మోనియం శ్రుతి కాస్త తప్పితే మేళంలో అందరూ ముఖం చిట్లిస్తారు. అక్కడ తప్పకపోతే అది జీవం లేని వాద్యం.

ఈ వాద్యాల వెదురు గొట్టాల మీద ఒక కథ ఉంది. బాలివాళ్ల పంచాంగాల్లో ఒకదానిలో ముప్ఫై వారాలు, 210 రోజులకు ఒక చక్రం. అందులో ఇరవై ఏడో వారం పేరు వాయాంగ్. ఆ వారంలో పుట్టిన పిల్లలను కాలుడు తినేస్తాడని నమ్మకం. కాలుడూ, అతని తమ్ముడు కుమారుడూ ఇద్దరూ ఆ వారంలోనే పుట్టారట. తన వారంలో పుట్టినవాళ్లు తన ఆహారమని కాలుడికి హక్కు ఉంది కాబట్టి తమ్ముడి వెంట పడ్డాడు. పిల్లవాడు పరిగెత్తి పరిగెత్తి, ఒకచోట రాత్రి ఆట జరుగుతుంటే వెళ్లి గెండెర్ కింది వెదురు గొట్టంలో దూరాడు. కాలుడు వచ్చాడు. ఆకలి మీద ఉన్నాడు. ఆట కోసం పెట్టిన నైవేద్యాలు కనపడితే అన్నీ ఊడ్చి తినేశాడు. అప్పుడు దలాంగ్ ఆట ఆపి నిలదీశాడు: తిన్నవి తిరిగిపెట్టు, లేదంటే పిల్లవాణ్ణి వదిలిపెట్టు. కాలుడు దొరికిపోయాడు. తిన్నది కక్కలేడు. బాకీపడ్డాడు. ఆ బాకీ కింద, బొమ్మలాట ఆడించి శుద్ధి చేయించుకున్న పిల్లల జోలికి రానని ఒప్పుకున్నాడు. ఇవాళ్టికీ ఆ వారంలో పిల్ల పుడితే సాపూ లెగెర్ అనే ఆట కట్టించాలి. ఆట చివర దలాంగ్ కొన్ని బొమ్మల కాడలను నీళ్లలో ముంచి, మంత్రించి, ఆ నీళ్లు పిల్ల మీద చల్లుతాడు.

ఈ కథలో నాకు నచ్చేది దలాంగ్ ధైర్యం కంటే ఆయన లెక్క. మృత్యువును భక్తితోనో వీరత్వంతోనో గెలవలేదు, తిండి బాకీ చూపించి కట్టేశాడు. మన కోమటి కొట్టు చిట్టా తెలిసినవాడు అల్లిన కథ అనిపిస్తుంది. ఇంకోటి, ఆ ఇంటివాళ్లకు ఆ రాత్రి ఆట బాగుందా లేదా అన్నది రెండో మాట. జరగడం ముఖ్యం. మన ఇంట్లో పిల్ల చెవులు కుట్టించేటప్పుడు కంసాలి చేతిపని అందంగా ఉందా అని ఎవరూ సభ పెట్టి చర్చించరు.

మరి మన తోలుబొమ్మలు? వయసులో వాటికేం తక్కువ లేదు. పాల్కురికి సోమనాథుడు 13వ శతాబ్దంలో పండితారాధ్య చరిత్రలో బొమ్మలాటలను ప్రస్తావించాడు. రామాయణం ఆడేటప్పుడు మేళగాళ్లకు ఆధారం గోన బుద్ధారెడ్డి రంగనాథ రామాయణం. ద్విపద కాబట్టి నోటికి ఎక్కుతుంది, అడుగుకు సరిపోతుంది. సేతువు కట్టేటప్పుడు ఉడత చేసిన సాయం, ఇంద్రజిత్తు భార్య సులోచన దుఃఖం, ఇలా వాల్మీకిలో దొరకనివీ బొమ్మకు కావలసినవీ అందులో ఉన్నాయి. గోన వంశం పాలమూరు సీమది. మా ఊరు చందనవెల్లి నుంచి షాద్‌నగర్ దాటితే వాళ్లు ఏలిన నేలే. పాట ఇక్కడిది, బొమ్మ మాత్రం రాయలసీమలో, కోస్తాలో ఇల్లు కట్టుకుంది. ఆ ఇళ్లలోనూ చిత్రం చూడండి: ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తరాలుగా ఈ పని చేసేవాళ్లు ఇంట్లో మాట్లాడుకునేది మరాఠీ. తెర వెనక్కి వెళ్తే నోటివెంట తెలుగు ద్విపద.

మన బొమ్మ మనిషెత్తు ఉంటుంది. మేకతోలును గీకి, పలుచన చేసి, అవతలి వెలుగు కనపడేదాకా తెచ్చి రంగులద్దుతారు. అందుకే తెర మీద పడేది నల్లని నీడ కాదు, ఎరుపూ పచ్చా నీలమూ అన్నీ వెలుగుతో కలిసి వస్తాయి. బాలిలో గొంతులన్నీ దలాంగ్ ఒక్కడివే అయితే ఇక్కడ కుటుంబమంతా తెర వెనకే ఉంటుంది. ఆడవాళ్లు సీత గొంతు, మండోదరి గొంతు పలుకుతారు. హార్మోనియం, మద్దెల, తాళాలు ఉంటాయి. కాలికి గజ్జెలు, కాళ్ల కింద చెక్కపలకలు. యుద్ధం వస్తే ఆ చెక్కలను తొక్కే తొక్కుడుకు ముందు వరసలో నిద్రపోతున్న పిల్లలు లేచి కూర్చుంటారు. రామరావణ యుద్ధంలో సగం కాళ్లతో జరుగుతుందని రెండు దేశాలవాళ్లూ కనిపెట్టారు. ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారన్న విచారణ పండితులకు వదిలేద్దాం.

ఇక నవ్వించే బొమ్మలు జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు. వినాయకుడి బొమ్మ, సరస్వతి బొమ్మ వచ్చి వెళ్లాయో లేదో వీళ్లు దిగుతారు. పోలిగాడి నెత్తిన నిక్కబొడిచిన జుట్టు, నోట్లో ఆగని బూతు. బంగారక్క వాడికి రెండాకులు ఎక్కువే చదివింది. బాలిలో వీళ్ల పని చేసేవాళ్లు త్వాలెన్, అతని కొడుకు మెర్దా ఒక పక్షాన, దెలెమ్, సాంగుత్ ఎదుటి పక్షాన. త్వాలెన్ బానపొట్ట నల్లటివాడు, నౌకరే గానీ అసలు దేవుడంతటి వాడని అక్కడివాళ్లు గుట్టుగా చెప్పుకుంటారు. దెలెమ్ డాంబికుడు. సాంగుత్ మెల్లగా ఎవరు గెలిచేలా ఉన్నారో చూసుకునే రకం. ఈ నలుగురూ లేకపోతే పాండవులు పాత జావా భాషలో మాట్లాడుకునేది ఊరివాళ్లకు సగం అర్థం కాదు.

ఇక్కడ నా వాదానికి నేనే అడ్డం వస్తాను. ఆట మనిషి కోసం కాకపోతే బంగారక్క ఎవరి కోసం? ఆ సరసాలు దేవుడికెందుకు? చాలా రోజులు ఇది నన్ను ఇబ్బంది పెట్టింది. జాతరలో పోతరాజు కొరడా, ఎల్లమ్మ కథలో మొహమాటం లేని మాటలు గుర్తొచ్చాక కాస్త తేలికైంది. మన ఊరి దేవతలు సంసారం తెలిసినవాళ్లే. గుడి మెట్ల దగ్గర మాటను కడిగి ఆరేసే అలవాటు తర్వాత వచ్చిందేమో. బాలిలో అయినా దేవుళ్లకు ఆడే పగటి ఆటలోనూ త్వాలెన్ ఉంటాడు.

మన పల్లెల్లో తోలుబొమ్మలకు కూడా ఒకప్పుడు అలాంటి పని ఉండేది. వాన పని. వానలు మొండికేస్తే విరాటపర్వం చదివించడం తెలుగుదేశమంతటా ఉన్న ఆచారం. బొమ్మలాటవాళ్లు ఉన్న చోట చదివించే బదులు ఆడించేవాళ్లు. ఉత్తర గోగ్రహణం నాటికి మబ్బు పట్టాలని ఆశ. పట్టేదా అంటే, కొన్నిసార్లు పట్టేది, కొన్నిసార్లు లేదు. పట్టకపోతే నింద బొమ్మ మీద పడేది కాదు. ఊళ్లో ఎవడి పాపమో వెతికేవాళ్లు. మా వైపు పిల్లలు కప్పను రోకలికి కట్టి ఇంటింటికీ తిప్పి నీళ్లు పోయించుకునేది కూడా ఈ పనిలో భాగమే. అందులో కళ ఎంత అని ఎవరూ అడగలేదు.

తర్వాత బోరు వచ్చింది. చేవెళ్ల, షాబాద్, మొయినాబాద్ వైపు టమాటా, క్యారెట్, బంతి, గులాబీ తోటలన్నీ బోరు నీళ్ల మీద లేచినవే. వాన బాధ్యత విరాటరాజు కొలువు నుంచి కరెంటు మోటారుకు మారింది. సినిమా వచ్చి బొమ్మలాటను చంపిందని అందరూ అంటారు. నాకు మాత్రం బోరుబావి మీదే అనుమానం. సినిమా తీసుకెళ్లింది చూసేవాళ్లను, బోరు తీసుకెళ్లింది ఆటకున్న పనిని.

కేరళలో పాలక్కాడు వైపు తోల్పావకూత్తు అనే తోలుబొమ్మలాట సంగతి చూస్తే ఈ అనుమానం ఇంకొంచెం బలపడుతుంది. భద్రకాళి గుడికి ఎదురుగా కూత్తుమాడం అని శాశ్వతంగా కట్టిన రంగస్థలం ఉంటుంది. పొడవాటి తెర వెనక 21 దీపాలు వరసగా వెలుగుతాయి. కంబ రామాయణం రాత్రుళ్ల తరబడి సాగుతుంది. రామరావణ యుద్ధం జరిగేటప్పుడు భద్రకాళి దారికుడనే రాక్షసుడితో పోరులో ఉండి చూడలేకపోయిందట. అందుకని ఏటేటా ఆమెకు చూపిస్తారు. తెల్లవారుజామున మైదానంలో ఒక్క మనిషీ లేకపోయినా ఆడించే పులవర్లు ఆపరు. చూడవలసిన ఆమె చూస్తూనే ఉంది కదా. వాళ్లలో కె.కె. రామచంద్ర పులవర్‌కు 2021లో పద్మశ్రీ ఇచ్చారు. అంతకు ముందు ఏడాదే నిమ్మలకుంట దళవాయి చలపతిరావుకు ఇచ్చారు. రెండు పురస్కారాలూ సరైన చేతులకే వెళ్లాయి. తేడా ఎక్కడంటే, కేరళ గుళ్లో భద్రకాళి ఇంకా వచ్చే ఏడు ఆట కోసం కనిపెట్టుకుని ఉంది. నిమ్మలకుంటలో కనిపెట్టుకుని ఉన్నది ఆర్డర్ ఇచ్చిన షోరూము.

దీన్ని వెటకారంగా అనడం లేదు. తోలుబొమ్మ కట్టే చేయి ఇవాళ లాంప్‌షేడ్లు చేస్తోంది, గోడకు తగిలించే పటాలు చేస్తోంది. పిల్లల ఫీజులు కట్టుకుంటోంది. రాత్రంతా చెక్క తొక్కి, తెల్లారి ఇంటింటికీ తిరిగి బియ్యం అడుక్కున్న రోజుల కంటే ఇది మేలని వాళ్లే అంటే కాదనడానికి నేనెవణ్ణి? వెలుగుతో తోలుకున్న చుట్టరికం తెగిపోలేదు కూడా. ఒకప్పుడు దీపానికీ తెరకూ మధ్య నిలబడిన హనుమంతుడు ఇప్పుడు బల్బు చుట్టూ తిరిగి కూర్చున్నాడు, కదలకుండా. కదలకపోవడమే నాకు కొంచెం కష్టంగా ఉంటుంది. ఆయనకు మోచేతి దగ్గర, మోకాలి దగ్గర కీళ్లు పెట్టింది లంకకు దూకడానికి.

మా రోడ్డు మీద మర్రిచెట్లదీ ఇదే కథ. మొయినాబాద్ నుంచి మన్నెగూడ దాకా బీజాపూర్ రహదారికి రెండు పక్కలా తొమ్మిది వందల దాకా ఉండేవి. ఎడ్లబండికీ కాలినడక బాటసారికీ నీడ ఇవ్వడానికి నాటారు. ఏసీ కారుకు ఆ నీడతో పనిలేదు. పనిలేని చెట్టు రోడ్డుకు అడ్డం అనిపించింది. కొట్టేస్తామన్నారు. అప్పుడు కొందరు మంచివాళ్లు వాటిని లెక్కపెట్టి, వారసత్వం అని పేరు పెట్టి, గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్లారు. వెళ్లడం వల్లే చాలావరకు నిలబడ్డాయి, వాళ్లకు దండం పెట్టాలి. కానీ దేనికైనా పని ఉన్నన్నాళ్లు వారసత్వం అన్న మాట మనకు తట్టదు. ఒగ్గు కథవాళ్ల డోలు పైన ఆ మాట రాసి ఉన్న బ్యానరు ఊళ్లో ఎక్కడా చూడలేదు, నగరంలో ఆడిటోరియంలోనే చూశాను.

చందనవెల్లి అంటే ఇప్పుడు బయటివాళ్లకు గుర్తొచ్చేది పారిశ్రామిక పార్కు. 2020లో అమెజాన్ తన డేటా సెంటర్లకు ఎంచుకున్న మూడు చోట్లలో ఫ్యాబ్ సిటీ, మీర్‌ఖాన్‌పేటతో పాటు మా ఊరూ ఉంది. కిటికీలు లేని పెద్ద పెద్ద కట్టడాలు, లోపల రాత్రీ పగలూ చల్లటి గాలి, ఆగకూడని కరెంటు. అలాంటి చోట్లలో ఏమి దాస్తారని ఊళ్లో పెద్దమనిషి ఒకాయన అడిగితే, ఫోన్లో చూసే వీడియోలన్నీ ఎక్కడో ఒకచోట ఇట్లాంటి కొట్టంలోనే ఉంటాయి అని చెప్పాను. ఎవరో తీసిపెట్టిన తోలుబొమ్మలాట వీడియో కూడా ఎక్కడో అలాంటి యంత్రంలో ఉండే ఉంటుంది. చూసినవాళ్ల సంఖ్య కింద రాసి ఉంటుంది, పాపం, రెండంకెలు దాటకుండా. వాయాంగ్ లెమాకూ దీనికీ పోలిక పెట్టాలని మొదట సరదా పుట్టింది గానీ నిలవలేదు. అక్కడ ఆట ప్రతిసారీ కొత్తగా జరిగి ముగిసిపోతుంది, దాచరు. ఇక్కడ దాచడమే ఉంది, జరగడం లేదు.

మళ్లీ బాలికి వస్తే, అక్కడివాళ్లు మనలాగే శకాన్ని లెక్కపెట్టుకుంటారు. మన పంచాంగంలో శాలివాహన శకం ఏదో వాళ్ల శకమూ అదే. వాళ్ల సంవత్సరాది పేరు న్యేపి. కొన్నేళ్లలో అది ఉగాది రోజే పడుతుంది, 2023లో రెండూ మార్చి 22నే వచ్చాయి. ఆ రోజు మనం పచ్చడి తిని పంచాంగం వింటుంటే, వాళ్లు దీపం వెలిగించరు, పని చేయరు, గడప దాటరు. విమానాశ్రయం ఒక పగలూ రాత్రీ మూసేస్తారు. 2018 నుంచి మొబైల్ ఇంటర్నెట్ కూడా ఆపేస్తున్నారు. విమానాలను ఆపించగలిగిన ఊరివాళ్లకు బొమ్మలాట ఒకటి నిలుపుకోవడం ఏమంత కష్టం అనిపిస్తుంది. 210 రోజులకోసారి చాలా గుళ్లకు ఉత్సవం, లెక్కలేనన్ని గుళ్లు, వాటికి తీరిక లేకుండా మేళాలు. బొమ్మలకూ వాద్యాలకూ నైవేద్యం పెట్టే శనివారం ఒకటి విడిగా ఉంది. యాత్రికుల కోసం గంటలో ముగించే ఆటలూ ఉన్నాయి, డబ్బులూ వస్తాయి. కానీ యాత్రికులు రేపు రాకపోయినా వాయాంగ్ వారంలో పిల్లలు పుట్టడం ఆగదు.

మా వైపు, చూసేవాళ్లతో పనిలేని ఆ లెక్కకు దగ్గరగా వచ్చేది ఒగ్గు కథే. ఎండాకాలంలో చిరుతల రామాయణం కూడా ఉండేది. పంతులు ఊళ్లో దిగి, నాగలి పట్టేవాళ్లకు నెలల తరబడి అడుగులు నేర్పి, చివర పట్టాభిషేకం నాడు కట్నాలు చదివించుకునేవాడు. దానికి కావలసింది ఊళ్లో ఖాళీగా ఉన్న మగవాళ్లు. ఇప్పుడు వాళ్లు షిఫ్టు డ్యూటీలో ఉన్నారు. ఒగ్గుకు కావలసింది అది కాదు. కురుమల ఇంట బీరప్ప పండుగ పట్టినా, మల్లన్నకు పెళ్లి చేయాలన్నా, పట్నం ముగ్గు వేయాలన్నా ఒగ్గు పూజారి రావలసిందే, డోలు మోగవలసిందే. కథ చెప్పడం ఆ పనిలో ఒక భాగం. చుక్క సత్తయ్య లాంటివాళ్లు దాన్ని దిల్లీ వేదికల దాకా తీసుకెళ్లి పేరు తెచ్చారు. వేదిక లేకపోయినా ఊళ్లో పండుగ తప్పదు. ఒక పెద్దమ్మను అడిగాను, అర్ధరాత్రి దాటినంక అందరూ పండుకుంటే కథ ఎవరు వింటరని. నన్ను ఎగాదిగా చూసింది. "ఎవ్వలు ఇనకపోతేంది బిడ్డా, బీరప్ప ఇంటలేడా?" అంది.

మొన్న నగరంలో ఒక సంస్థవాళ్లు తమ వార్షికోత్సవానికి అరగంట ఒగ్గు ప్రదర్శన కావాలని నా ద్వారా మా వైపు పూజారి ఒకాయనకు కబురు పెట్టారు. కారు పంపిస్తామన్నారు, శాలువా ఉంటుందన్నారు. ఆయన ఫోన్లోనే వేళ్లు మడిచి లెక్కపెట్టుకున్నట్టున్నాడు, కాసేపు మాట రాలేదు. "గా ఆదివారం తీరదు సార్, పండుగ పట్టిన్రు" అన్నాడు. ఇచ్చేది రెట్టింపు చేస్తామన్నారు వాళ్లు. నేను చెప్పాను. ఆయన మళ్లీ అదే మాట అని, ఆపై ఆదివారం కూడా ఖాళీ లేదని చెప్పి పెట్టేశాడు.